దేవరాయల తార
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఇరువదియైదేండ్ల పండుగకు రజతోత్సవమని పేరు. రజతమనగా వెండి. నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు, వెండిపండుగనాడు వెండినిగూర్చియే మాటలాడుట ఉచితమని నాకు తోచినది. అయితే అది నగలవెండి కాదు, వెండిపళ్లెముల వెండియు కాదు. కందిబద్దకంటె కొంచెము వెడల్పుగా నుండి, అరచేతిలో వేసికొన్నను బరువు తెలియక, మన చేలలో నల్లబడి పడియుండు ఒక చిన్న నాణెము. దానిపేరు తార.

తొలకరివాన కురిసినంతనే మన జిల్లాలో వజ్రకరూరు చేలయందు జనము వంగి నేలను వెదకుట మీరందరును ఎరిగినదే. ఎక్కడెక్కడినుండియో వచ్చి, మూటలు కట్టుకొని, చెట్లక్రింద వండుకొని, వజ్రముకొరకు కన్నులు కాయలుకాయునట్లు వెదకుదురు. ఒకనికి దొరకును, వేయిమందికి దొరకదు. అట్లు వెదకువాని కాలిక్రింద ఒక నల్లని రేకు తగిలినచో వాడు దానిని పెంకుముక్క యనుకొని ప్రక్కకు నెట్టును. మట్టిలో నూర్లేండ్లు పడియున్న వెండి తెల్లగా నుండదు, నల్లబడిపోవును. కావున వెండియని గుర్తించుటయే కష్టము. గుర్తించినను అది సామాన్యముగా కంసాలి మూసలోనికి పోవును. మూసలో పడిన నాణెము వెండిగా మిగులును, చరిత్రగా చచ్చిపోవును. నేడు నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

ముందుగా ఈ నాణెమెవరిదో చెప్పెదను. విజయనగర సింహాసనమును సంగమవంశపు రాజులు ఏలినకాలమున వారిలో రెండవ దేవరాయలు మిక్కిలి ప్రసిద్ధుడు. ఆయననే ప్రౌఢదేవరాయలనియు అందురు. 1446లో దివంగతుడైన ఈ ప్రభువు పేరు మన తెలుగువారికి శ్రీనాథకవి మూలమున పరిచితము. శ్రీనాథుడు ఆ రాజసభలో గౌడడిండిమభట్టును జయించి, ఆయన కంచుఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకము పొందెనని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. ఆ బంగారు నాణెముల వర్షమును తలచుకొని మురియని తెలుగువాడు లేడు.

అయితే ఒక్క ప్రశ్న. ఆ సభకు వెలుపల, అదే దినమున, అదే నగరమున, ఉప్పు కొనుటకు పోయిన యిల్లాలి కొంగుముడిలో నున్నదేమి? వరహా నిచ్చి ఉప్పు కొనువా రెవరును లేరు. కవికి బంగారము అభిషేకమైనది. సంతకు పోయినవారికి అక్కరకు వచ్చినది తార, దానికంటె చిన్నదైన రాగికాసు. కవిని ఎల్లరు జ్ఞాపకముంచుకొనిరి. తారను మరచితిమి.

తార యను పేరునుగూర్చి ఒకమాట. సంస్కృత నిఘంటువులలో తార శబ్దమునకు నక్షత్రమను అర్థముతోపాటు వెండి యనియు, మేలిముత్తెమనియు అర్థములు కలవు. చిన్నదియు, తెల్లనిదియు, గుండ్రనిదియు నగు నాణెమున కింతకంటె చక్కని పేరు దొరకునా?

దాని విలువ యెంత? ఈ లెక్క మనకు ఒక పరదేశి వ్రాసి పెట్టినాడు. తైమూరు కుమారుడైన షారుఖ్, హీరాతు నగరమునుండి పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ 1443లో విజయనగరమునకు వచ్చి దేవరాయలను దర్శించినాడు. ఆయన తన పారసీక గ్రంథమున నగరపు కోటలను, వీథులను, మహానవమి ఉత్సవమును వర్ణించి, వానితోపాటు నాణెముల పట్టికనుగూడ ఇచ్చినాడు. నేను లెక్కలవాడనగుటచే ఆ వర్ణనలన్నిటికంటె ఈ పట్టికయే నాకు తీయగా తోచినది. దానిని మన వాడుకలో చెప్పిన నిట్లుండును. వరహాలో సగము ప్రతాపము. అర్ధవరహాను మన పెద్దలు మాడ యనిరి. ప్రతాపములో పదియవవంతు పణము. దానిని మనవారు రూక యనిరి. ఈ మూడును బంగారువి. పణములో ఆరవవంతు తార, అది మేలివెండి. తారలో మూడవవంతు జితలు, అది రాగి. కూడి చూడుడు: ఒక వరహాకు 2 ప్రతాపములు, 20 పణములు, 120 తారలు, 360 జితళ్లు.

ఆ రాయబారికి రాజుగారు దినదినము పంపు బత్తెములో బియ్యము, నెయ్యి, చక్కెర మొదలగువానితోపాటు రెండు వరహాలు నుండెడివట. అనగా దినమునకు 240 తారలు. నగరరక్షకులైన తలారులు పండ్రెండువేలమందియనియు, వారి జీతము దినమునకు పండ్రెండువేల పణములనియు ఆయనయే చెప్పినాడు. ఆ లెక్కను తలారి కొక్కనికి దినమునకు ఒక పణము, అనగా ఆరు తారలు. రాయబారి దినబత్తెములోని రొక్కము నలువదిమంది తలారుల దినజీతముతో సమానము! రాజ్యమెంత గొప్పదో వర్ణనలు చెప్పును. ఆ గొప్పతనము ఎవరి కెంత పంచబడెనో చిన్న నాణెము చెప్పును.

ఇక రెండవ సాక్షిని పిలిచెదను. ఈ రాయబారి వచ్చిపోయిన తరువాత సుమారు అరువదేండ్లకు, 16వ శతాబ్ది తొలి సంవత్సరములలో, ఇటలీదేశమునందలి బొలోన్యాకు చెందిన వర్తెమా యను యాత్రికుడు మన దేశమునకు వచ్చినాడు. ఆయన గ్రంథము 1510లో రోమునగరమున అచ్చుపడినది. ఆయనయు విజయనగర నాణెముల పట్టిక నిచ్చినాడు. అందులోను పణము కలదు, తార కలదు. కాని పణమునకు తార లెన్ని? అబ్దుర్ రజాక్ ఆరన్నాడు, వర్తెమా పదునారన్నాడు. తారకు రాగికాసులు మొదటివాని లెక్కలో మూడు. రెండవవాని లెక్కలో పదునారు.

సభ్యులారా, లెక్కలు వ్రాయువానికి ఇట్టిచోట నిద్రపట్టదు. ఈ అరువదేండ్లలో తార బరువు తగ్గినదా? లేక వెండి చౌకయైనదా? లేక పణములోని బంగారము మెరుగైనదా? యాత్రికుల గ్రంథములను వేయిమారులు తిరుగవేసినను ఇది తేలదు. తేల్చగల సాక్షి ఒక్కటే: నాణెము. ఫలానా రాజుపేరుగల తార ఇంత తూగినది, ఫలానా ఊరి చేనిలో, ఫలానా కాసులతో కలిసి ఒకే ముంతలో దొరికినది అని పలుచోట్ల వ్రాసియుంచిన, ఆ వ్రాతలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, అప్పుడు లెక్క తేలును. కావున ఒక తార మూసలో పడినప్పుడు నష్టపోయినది గ్రాము తూగని వెండి కాదు. ఒక సాక్షి నోరు మూతపడినది.

నాణెము దొరికిన చోటును వ్రాయక దానిని మాత్రము దాచుకొనుటయు ఇంచుమించు అట్టిదే. ఊరు పేరు పోయిన నాణెము, పేరు ఊరు చెప్పలేని తప్పిపోయిన బిడ్డవంటిది. ముద్దుగా నుండును, ఎవరిదో తెలియదు.

ఇచ్చట నా తప్పిదమును చెప్పుకొనక తప్పదు. అప్పటికి నేను పడుచువాడను. వరుసగా రెండేండ్లు వాన తప్పిన కాలము. వేరుసెనగ చేనిలో కలుపుతీయు కూలికి పోయిన ఒక ముదుసలి సాయంకాలము మా యింటి అరుగుకడకు వచ్చి, చిల్లుపడిన మట్టిముంతను కొంగుచాటునుండి తీసి, "సామీ, ఇవి దేనికన్నా పనికొస్తాయా, చూడండి" అన్నది. లోపల గుప్పెడు నల్లని రేకులు. ఒకదానిని గోటితో గీరితిని. తెల్లగా మెరసినది. నాలుగు పద్యకావ్యములు చదివితినను గర్వము నాకుండెను గాని, ఆ క్షణమున నా నోట వచ్చినది కంసాలి మాటయే. "అవ్వా, వెండి. తూకమునకు తగిన ధర వచ్చును" అంటిని. వేడుకకు మూడింటిని వెలయిచ్చి పుచ్చుకొంటిని. మిగిలినవానిని ఆమె కంసాలి కమ్మి జొన్నలు కొన్నది.

ఆ మూడింటిని నేనేమి చేసితినో వినుడు. అక్షరములు స్పష్టముగా కనబడునని చింతపండు, బూడిద పట్టించి ఇత్తడిచెంబును తోమినట్లు తోమితిని. తెల్లగా నిగనిగలాడినవి. ఒకదానిపై ఏనుగు బొమ్మ వంటిది వీపుగీత మాత్రము మిగిలినది. గజవేటకాడను బిరుదు వహించిన దేవరాయల నాణెములపై ఏనుగు ప్రసిద్ధమని నాకు తరువాత తెలిసినది. వెనుకప్రక్క అక్షరములుండవలసినచోట నున్నని వెండి. దేవరాయల పేరును చెరిపినది శత్రుసైన్యము కాదు, నా చింతపండు.

ఇంతకంటె పెద్దతప్పు మరొకటి కలదు. ఆ ముంత యే చేనిలో దొరికినదో నేను అడుగలేదు. కొన్నేండ్లకు బుద్ధి తెలిసి అడుగబోవునప్పటికి ఆ యింటివారు కరవుకు తాళలేక బెంగుళూరు పనులకు పోయిరి. అవ్వ మరల రాలేదు.

మరియు నేను లెక్కలవాడనై యుండియు ఆమెకు తప్పులెక్క చెప్పితిని. ఏలయన, ఇట్టివాటికి చట్టము కలదు. 1878 నాటి నిక్షేపనిధుల చట్టము ప్రకారము, భూమిలో దాగియుండి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు మించినచో, దొరికినవారు అది యేమి, ఎంత, ఎక్కడ, ఏనాడు దొరికినదో కలెక్టరుగారికి వ్రాతమూలముగా తెలుపవలెను. పది రూపాయలనునది 1878లో పెద్దమొత్తము; నేడు ఒక్క వెండినాణెమే ఆ హద్దును దాటును. విచారణలో దానికి సొంతదారు లేడని తేలినచో, భూమిగలవారు హక్కు కోరినప్పుడు, వేరు ఒడంబడిక లేనియెడల, ముప్పాతిక భాగము దొరికినవారిది, పాతికభాగము భూమిగలవారిది. ప్రభుత్వము దానిని తీసికొనదలచినచో లోహపు విలువయు, దానిపై అయిదవవంతు అధికముగాను ఇచ్చును. దాచినవారు తమ భాగమును పోగొట్టుకొందురు. ఏడాదివరకు ఖైదుగాని, జరిమానాగాని, రెండునుగాని పడవచ్చును. ఆ అవ్వ కూలికి పోయిన పేదరాలు. పరుల చేనిలో దొరికినను ముప్పాతికభాగమునకు చట్టమామెను అర్హురాలిని చేసినది. ఆ సంగతి చెప్పవలసిన నేను చెప్పలేదు. దొరికినది చెప్పిన సర్కారు గుంజుకొనునని మన పల్లెలలో భయము. ఆ భయమే మూసకు మేత. చట్టమున పేదవాని పాలు కూడ వ్రాయబడి యున్నదని మీరు నలుగురికి చెప్పవలెనని నా ప్రార్థన.

సేకరణయందు ఆసక్తిగల యువకులు మనలో కొంద రున్నారు. వారికి నా అనుభవముచే నాలుగు హితవులు.

మొదటిది: కడుగవద్దు. మట్టి యున్న నుండనిండు. చింతపండు, నిమ్మరసము, బూడిద, ఇసుక, ఇవి నాణెమునకు శత్రువులు. విడివిడిగా కాగితపు పొట్లములలో పెట్టుడు.

రెండవది: తూచుడు. కంసాలిత్రాసు మనయూర నున్నది. పూర్వము గురిగింజలతో తూచిరి. నేడు మిల్లీగ్రాములవరకు చూపు త్రాసులున్నవి. బరువు, వెడల్పు వ్రాయుడు. చేతిఫోనుతో రెండు ప్రక్కల ఛాయాచిత్రములు తీయుడు. ప్రక్కవెలుతురులో తీసిన అరిగిన అక్షరముకూడ నీడవలన బయటపడును. 15వ శతాబ్దిలో తెలుగు కన్నడ లిపులకు భేదము స్వల్పము. కన్నడ అక్షరములున్న నాణెమును ఓపికతో చూచిన మన బడిపిల్లవాడైనను "దే" అను అక్షరమును పోల్చుకొనగలడు. నాగరి అక్షరములున్నచో హిందీ చదివినవారు సాయపడుదురు.

మూడవది: మోసపోవద్దు. సంతలలో, తీర్థములలో పురాతన నాణెములని అమ్మువానిలో అచ్చులో పోసిన నకిలీలు మెండు. అచ్చుపోతలో అంచున అతుకుగీతయు, ముఖమున సన్నని గుంటలును తరచుగా కానవచ్చును. శ్రీరామ పట్టాభిషేకముగల రామటంకెలను రాయలనాటి చెలామణి నాణెములని చెప్పి అమ్మువారు కలరు. అవి పూజకొరకైన ముద్రలు. వ్యవహారపు నాణెములు కావు. పూజించిన దోషము లేదు. రాయల నాణెమని వెలయిచ్చిన దోషము.

నాలుగవది: త్రవ్వవద్దు. గుత్తికోటలోను, పెనుగొండకోటలోను లోహములను పసిగట్టు యంత్రములు పట్టుకొని రాత్రివేళ తిరుగుట సేకరణ కాదు, దొంగతనము. 1972 నాటి పురావస్తు చట్టము ననుసరించి నూరేండ్లు దాటిన నాణెమును అనుమతి లేక దేశము దాటించుట నేరము. వానకు పైకి తేలినది, నాగేటిచాలులో దొరికినది, పునాదిలో బయటపడినది చాలును. నేల తానై ఇచ్చినంతవరకే మనది వ్రాయు పని.

ఈ వ్రాయు పని మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1800లో నిజాము ఈ సీమను కంపెనీవారికి దత్తము చేసిన కొలది సంవత్సరములకు, కర్నల్ మెకంజీ భూములను కొలుచుచు ఇచ్చట తిరిగినాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య మొదలగు మన తెలుగువారు ఆయనకు కుడిచేయియై, గ్రామగ్రామమునకు పోయి, కరణముల కవిలెకట్టలు విప్పించి కైఫీయతులు వ్రాయించిరి. 1821లో ఆయన మరణించిన తరువాత, 1828లో విల్సను పండితుడు ప్రకటించిన పట్టిక ననుసరించి ఆ సేకరణలో 6,218 నాణెములుండెను. ఒక్క జీవితకాలమున, రైలులేని దినములలో, ఎద్దుబండ్లపైని గుఱ్ఱములపైని తిరిగి కూర్చినవి! ఆనాడు కరణములు కవిలెలలో వ్రాసిన సంగతులే నేడు మనకు చరిత్రలైనవి. గ్రామములలో ఆ కరణీకపు పదవి 1984లో రద్దయినది. వ్రాయవలసిన బాధ్యత రద్దుకాలేదు.

1928లో నంద్యాల సభలో దత్తమండలములన్న పేరు మనకు తగదని చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను పేరు పెట్టిరి. రాయల పేరు పెట్టుకొన్నవారము రాయల నాణెమును మూసలో వేయుచున్నాము. కారణము మన అజ్ఞాన మొక్కటియే కాదు. సాలునకు సుమారు 550 మిల్లీమీటర్లు కురిసిన గొప్ప యనుకొను నేల మనది. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాతకరవు కథలు మన తాతలు చెప్పగా వింటిమి. ఆకలిగొన్న యింట ముంతెడు వెండి దొరికిన, అది చరిత్రయని దాచుకొమ్మని చెప్పుటకు నాకు నోరు రాదు. కావున నేను ఎవరిని నాణెము దానమీయుడని కోరను. వెండి మీది కావచ్చును, చట్టప్రకారము ఎవరిదైనను కావచ్చును. దానిలోని వార్తను మాత్రము మనయూరికి మిగుల్చుడని కోరుచున్నాను.

అందుకొరకు నాదొక ప్రతిపాదన. ఈ గ్రంథాలయమున ఒక నాణెముల చిట్టా నుంచుదము. గీతలు గీసి, గట్టి అట్టవేసిన నూరుపుటల పుస్తకమును నేడే తెచ్చితిని. అందులో గడులు ఇవి: తేది, ఊరు, చేనిపేరు, సర్వేనెంబరు, దొరికిన తీరు, అనగా విడిగానా, ముంతలోనా, ఎంతలోతున, వెంట దొరికినవి, బరువు, వెడల్పు, ముందువెనుకల బొమ్మలు, తుదకు అది ఎచటికి చేరినది. దొరికినవారి కాక్షేపణ లేనిచో వారి పేరు. కలెక్టరుగారికి పంపవలసిన అర్జీ వ్రాయరానివారికి గ్రంథాలయమున కూర్చుండి నేను ఉచితముగా వ్రాసిపెట్టెదను. గ్రంథపాలకునికి ఇది అదనపు శ్రమయే. కాని పదేండ్లకు ఈ చిట్టా ఏ పండితుడైన వెదకుకొని వచ్చు గ్రంథమగును. మన బీరువాలలోని పుస్తకములు ఇతర గ్రంథాలయములలోను దొరకును. ఇది మాత్రము మనయూర తప్ప ఎందును దొరకదు.

మొదటిపుటలో మొదటి పద్దు నేనే వ్రాసితిని. నాణెములు మూడు. లోహము వెండి. బరువులు వ్రాసితిని. ముందు: ఒకదానిపై ఏనుగు వీపు, తక్కినవానిపై ఏమియు లేదు. వెనుక: అరిగినది కాదు, అరుగదీయబడినది. చేనిపేరను గడి ఖాళీగా నున్నది. దానిని నింపు శక్తి ఇక నాకు లేదు. ఆ మూడింటిని అధికారుల కప్పగించుటకు అర్జీయు వ్రాసితిని, రేపు పంపెదను. క్రింది పద్దులయందు ఆ గడి యెన్నడును ఖాళీగా నుండకుండునట్లు చూచు భారము మీది.

 గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి నేనుందునో లేదో. ఆ చిట్టా ఉండుగాక.